లీన్ సలహా సేవ: ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో వాడి చూశాక

హైదరాబాద్ ఉత్తర శివారులో, సెల్లారు మీద తొమ్మిదేసి అంతస్తులతో రెండు బ్లాకులుగా లేస్తున్న ఒక అపార్ట్‌మెంట్ నిర్మాణానికి నేను ప్రాజెక్టు మేనేజరుగా ఉన్నాను. మొదటి బ్లాకు మూడో స్లాబు దగ్గరికి వచ్చేసరికే పని షెడ్యూలుకు బాగా వెనుకబడటంతో, నిర్మాణ రంగానికి లీన్ పద్ధతులు, అంటే వృథాను తగ్గించి పనిని సాఫీగా నడిపే పద్ధతులు నేర్పే ఒక చిన్న సలహా సంస్థను మా యాజమాన్యం నియమించుకుంది. ఆ సంస్థ పంపిన ఇంజనీరు వారంలో కొన్ని రోజులు సైట్‌లోనే ఉండి, మేస్త్రీలతోనూ సబ్ కాంట్రాక్టర్లతోనూ మా సొంత ఇంజనీర్లతోనూ కలిసి పనిచేశారు. ఇప్పుడు మొదటి బ్లాకు ఫినిషింగ్‌లో ఉంది. ఇలాంటి సేవకు డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్న మధ్యతరహా బిల్డర్ల కోసం, సైట్ ఇంజనీర్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ రంగంలో చాలామంది అమ్ముతున్నది దాదాపు ఇదే ప్యాకేజీ కాబట్టి సంస్థ పేరు కంటే, అందులో ఏది మన సైట్లలో నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నదే చదివేవారికి పనికొస్తుంది.

ప్యాకేజీలో ప్రధానమైనది లాస్ట్ ప్లానర్ పద్ధతి, అంటే పనిని స్వయంగా చేయించే మేస్త్రీలే ప్రణాళిక వేసి, వారం వారం మాట ఇచ్చే పద్ధతి. టయోటా కార్ల కర్మాగారాల్లో తైచి ఓనో రూపుదిద్దిన ఉత్పత్తి విధానాన్ని నిర్మాణానికి అన్వయించవచ్చా అన్న ప్రశ్నను ఫిన్లాండ్ పరిశోధకుడు లౌరి కోస్కెలా 1992లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాసిన సాంకేతిక నివేదికలో గట్టిగా లేవనెత్తారు. ఆ మరుసటి ఏడాదే ఈ విషయం మీద పనిచేసేవారి అంతర్జాతీయ బృందం ఫిన్లాండ్‌లోని ఎస్పోలో తొలిసారి సమావేశమైంది. 1997లో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అమెరికాలో లీన్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. వారు గమనించిన విషయం సైట్ మీద ఉన్నవారెవరికీ కొత్తది కాదు. ఒక వారంలో చేస్తామని ఒప్పుకున్న పనుల్లో ఆ వారంలోనే పూర్తయ్యేవి సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. వారు కొలిచిన ప్రాజెక్టుల్లో ఆ సగటు సుమారు 54 శాతం. దీనికి కూలీల బద్ధకం కారణం కాదనీ, పని మొదలుపెట్టడానికి కావలసినవి సిద్ధంగా లేకుండానే మేస్త్రీకి పని అప్పగించడమే కారణమనీ వారు చెప్పారు. ఆ మాట మా సైట్‌కు అక్షరాలా వర్తించింది.

మొదటి మెప్పు చివరి నుంచి వెనక్కి చేసే ప్రణాళికకు దక్కాలి. స్లాబు పోసే రోజును గోడ మీద చివర్న అతికించి, దానికి ముందు ఏం పూర్తి కావాలి, దానికీ ముందు ఏం కావాలి అని ఒక్కొక్క పనిని ఆ పని చేసే మేస్త్రీ చేతే చెప్పిస్తూ వెనక్కి నడిచే పద్ధతి ఇది. మా షెడ్యూలులో సెంట్రింగ్, రాడ్ బెండింగ్, కాంక్రీటు అని మూడు గీతలుండేవి. ఎలక్ట్రికల్ పైపులకు విడిగా గీత లేదు. రాడ్ బెండింగ్ పూర్తయ్యాక ఎలక్ట్రీషియన్ వచ్చి, అప్పటికే కట్టిన పై రాడ్‌ను ఎత్తి, వంచి, కింద పైపులు దూర్చేవాడు. ఆ తరువాత రాడ్ మేస్త్రీ మనుషులు మళ్ళీ వచ్చి సరిచేసేవారు. రాడ్ కింద ఎత్తు కోసం పెట్టే కవర్ బ్లాకులు జారిపోయేవి. తనిఖీకి వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు అభ్యంతరం చెప్తే కాంక్రీటు పోయడం మరుసటి రోజుకు వాయిదా పడేది. ఆ గోడ ముందు నిలబడి ఎలక్ట్రీషియన్ అన్న మాట ఒక్కటే: "కింది రాడ్ కట్టినంక, మీది రాడ్ పరవకముందు నాకు సగం రోజు ఖాళీ ఇయ్యాలె సార్." పక్కనే ఉన్న రాడ్ మేస్త్రీ, స్లాబును రెండు భాగాలు చేసుకుంటే తన మనుషులు ఒకవైపు పై రాడ్ కడుతుండగా రెండోవైపు పైపులు వేసుకోవచ్చన్నాడు. ఇద్దరూ ఒకే సైట్‌లో ఏడాదిగా పనిచేస్తున్నారు, కానీ ఈ విషయం మాట్లాడుకునే చోటు వారికి అంతవరకూ దొరకలేదు. తరువాతి స్లాబు నుంచి ఎత్తి వంచడం ఆగింది. ఈ ఒక్క మార్పు కోసం ప్యాకేజీ మొత్తం కొనక్కరలేదని ఎవరైనా అనవచ్చు. అయితే ఇలాంటి మాటలు బయటికి రావాలంటే బిల్డరు జీతం తీసుకోని మనిషి ఒకరు మధ్యలో ఉండి అడగాలి. మా ఇంజనీర్లు అడిగితే మేస్త్రీలు ఇంత తేలిగ్గా చెప్పేవారు కారు.

రెండోది వారపు సమావేశం. సేవ మొత్తంలో అత్యంత విలువైనది ఇదేనని నా అభిప్రాయం. సలహాదారు దీన్ని సోమవారం ఉదయం పెడదామన్నారు. మా దగ్గర సోమవారం ఉదయం సగంమంది మేస్త్రీలు మనుషుల కోసం అడ్డా దగ్గర ఉంటారు. అందుకే శనివారం సాయంత్రం, బట్వాడాకు ముందు పెట్టాము, ఆ సమయంలో రానివారుండరు. ఒక్కొక్క మేస్త్రీ వచ్చే వారం తాను పూర్తిచేసే పనులను చెప్పాలి. అయిందా, కాలేదా అన్న రెండు జవాబులే లెక్క. తొంభై శాతం అయిందంటే కానట్టే. చదరపు అడుగుల లెక్కన బిల్లు కొట్టడానికి అలవాటుపడిన ప్లాస్టరింగ్ మేస్త్రీలకు ఇది మొదట అన్యాయంగా తోచింది, ఎందుకంటే పది గదుల్లో తొమ్మిది పూర్తిచేసినవాడికి తొమ్మిది గదుల డబ్బు రావాలి కదా. బిల్లు వేరు, మాట వేరు అని స్పష్టంగా విడదీశాక అభ్యంతరం తగ్గింది. మిగిలిన ఒక్క గదిలో టైల్స్ మనిషి పని మొదలుపెట్టలేడు కాబట్టి, అతని వైపు నుంచి చూస్తే ఆ ఫ్లాటు పూర్తి కాలేదన్నది నిజం. ఆ దృష్టి అందరికీ అలవాటు కావడానికి కొంత సమయం పట్టింది.

ఈ సమావేశంలో అసలు బలం మేస్త్రీకి "కాదు" అనే హక్కు ఉండటంలో ఉంది. డ్రాయింగు రాలేదు కాబట్టి ఆ పని ఒప్పుకోను, పరంజా కట్టలేదు కాబట్టి బయటి గోడ పుట్టీ ఒప్పుకోను అని శనివారమే చెప్తే, దాన్ని సరిచేయడానికి మాకు సమయం ఉంటుంది. మన సైట్లలో కాదనడం మర్యాద కాదు. "చేద్దాం సార్" అని తలూపి, బుధవారం ఫోనెత్తకపోవడం రివాజు. సలహాదారు ఇక్కడ ఒక మంచి పట్టుదల చూపారు. మొదటి వారాల్లో పూర్తయిన పనుల శాతం తక్కువగా వచ్చినప్పుడు, ఆ అంకె ఆధారంగా మేస్త్రీలకు కోత పెట్టాలని మా ఆఫీసులో ఒక ప్రతిపాదన వచ్చింది. కోత పెట్టిన మరుసటి వారం నుంచే అందరూ తేలికైన పనులనే ఒప్పుకుంటారనీ, శాతం పెరుగుతుంది కానీ భవనం పెరగదనీ ఆయన ఖండించారు. ఆ అంకె మేస్త్రీకి వేసే మార్కు కాదు, మా సన్నాహానికి వేసే మార్కు. పూర్తికాని ప్రతి పనికీ కారణం రాసి పెట్టుకుంటూ పోతే, ఎక్కువ సార్లు వచ్చిన కారణం "ముందు పని పూర్తికాలేదు", ఆ తరువాత "డ్రాయింగు లేదా నిర్ణయం రాలేదు". కూలీల కొరత ఆ రెండింటి తరువాతే వచ్చింది. అంతవరకూ ప్రతి ఆలస్యానికీ మనుషుల కొరతనే కారణంగా చెప్పుకుంటూ వచ్చిన మా కార్యాలయానికి ఇది మింగుడుపడని విషయమే అయినా, కాగితం మీద వారం వారం పోగవుతుంటే కాదనడం సాధ్యం కాలేదు.

సామగ్రి విషయంలో మాత్రం సంస్థ సిద్ధంగా రాలేదు. పనులు రాయడానికి తెచ్చిన రంగు రంగుల అతుకు చీటీలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. మా సెంట్రింగ్ మనుషులు బిహార్ నుంచి, పెయింటర్లు ఒడిశా నుంచి, తాపీమేస్త్రీలు పాలమూరు నుంచి వచ్చినవారు. చీటీల్లో ఏముందో చదివి వినిపించే మనిషి లేకపోతే గోడ మీది ప్రణాళిక వారికి అలంకారమే. పైగా వానాకాలపు తేమకూ సిమెంటు దుమ్ముకూ ఆ చీటీలు రోజుకు కొన్ని చొప్పున రాలిపోయేవి. చివరికి మా స్టోర్ కీపరు ఒక ఇనుప రేకు బోర్డు చేయించి, పనికో రంగు అయస్కాంతాన్ని ఇచ్చి, తెలుగులోనూ హిందీలోనూ పెద్ద అక్షరాలతో రాయించాడు. ఈ సేవను కొనేవారు ఒప్పందంలోనే ఫారాలన్నీ సైట్ భాషల్లో ఇవ్వాలని రాయించుకోవడం మంచిది. పండుగలు కూడా అంతే. ఆ ఫారాల్లో ఆదివారాలు మాత్రమే సెలవులు; సంక్రాంతికి పాలమూరు వెళ్ళే తాపీ మనిషినీ, ఛఠ్‌కు ఊరెళ్ళే బిహారీ సెంట్రింగ్ మనిషినీ లెక్కలోకి తీసుకోని ఆరు వారాల ప్రణాళిక ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఆరు వారాల ముందుచూపు ప్రణాళికలో ప్రతి పనికీ అడ్డంకుల జాబితా రాస్తారు: డ్రాయింగు, సామాను, మనుషులు, ముందు పని, స్థలం, యంత్రం, అనుమతి. ఈ జాబితా వల్ల మాకు కలిగిన పెద్ద మేలు ఫ్లాటు కొన్నవారి మార్పుల విషయంలో. వంటగట్టు తూర్పు ముఖానికి జరపమనీ, పూజగది తలుపు ఇటు తిప్పమనీ, వాస్తు చూపించుకున్నాక వచ్చే కోరికలు మన ప్రాంతంలో సహజం. అవి గోడ కట్టాక, వైరింగ్ గాడులు కోసి పూడ్చాక వస్తే పగలగొట్టడం తప్పదు. ప్రతి అంతస్తుకూ గోడ బ్లాకుల పని మొదలయ్యే తేదీకి ముందు, మార్పులకు ఒక ఆఖరి తేదీని నిర్ణయించి, దాన్ని కొనుగోలుదారులకు ముందే లిఖితపూర్వకంగా తెలియజేయమని సలహాదారు చెప్పారు. అమ్మకాల విభాగం దీనికి భయపడింది. కొనేవారిలో ఎక్కువమంది మాత్రం, నిర్ణయం తీసుకోవలసిన రోజేదో తమకు ముందుగా చెప్పినందుకు సంతోషించారు.

కానీ ఆ అడ్డంకుల జాబితాలో డబ్బు లేదు. ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. మన దగ్గర గుంపు మేస్త్రీ తన మనుషులకు ముందే అడ్వాన్సు ఇచ్చి ఊరి నుంచి తీసుకొస్తాడు, వారం వారం బట్వాడా చేస్తాడు. మా బిల్లు కొలతలు, తనిఖీ, సంతకాలు దాటి వచ్చేసరికి అతను తన జేబు నుంచో వడ్డీకి తెచ్చో చెల్లించి ఉంటాడు. బిల్లు ఆగితే అతను మనుషుల్లో సగాన్ని చెల్లింపు సక్రమంగా ఉన్న మరో సైట్‌కు పంపుతాడు. అది మోసం కాదు, బతుకుతెరువు. మా కారణాల పట్టికలో "మనుషులు రాలేదు" అని రాసిన వారాలను బిల్లుల తేదీలతో పోల్చి చూస్తే, చాలావాటి వెనుక మేము ఆపిన బిల్లు ఉంది. సలహాదారు దీన్ని యాజమాన్యపు అంతర్గత విషయంగా భావించి పక్కన పెట్టారు. నేను అడ్డంకుల జాబితాలో ఎనిమిదో గడిగా చెల్లింపును చేర్చి, కొలతలు ఎవరు ఎప్పుడు తీసుకుంటారో, బిల్లు ఏ రోజు విడుదలవుతుందో అదే బోర్డు మీద, అందరికీ కనిపించేలా రాయించాను. ఆ తరువాతే శనివారం నాటి హామీలకు బరువు వచ్చింది. మేస్త్రీని మాట నిలబెట్టుకోమని అడిగే బోర్డు మీద బిల్డరు ఇచ్చిన మాట కూడా ఉండాలన్నది న్యాయం. అది లేని లీన్, ఉన్న ఒత్తిడినంతా కిందివారి మీదికి తోసే ఏర్పాటుగానే మిగులుతుంది.

సరుకు నిల్వల విషయంలోనూ మా మధ్య గట్టి చర్చలే జరిగాయి. లీన్‌లో నిల్వ ఒక వృథా. కావలసినప్పుడు కావలసినంతే రావాలంటారు. గోడలు కట్టే బ్లాకుల విషయంలో ఇది అద్భుతంగా పనిచేసింది. ఇదివరకు లారీ గేటు దగ్గర దించితే, అక్కడి నుంచి సామాను పైకెక్కించే హాయిస్టు దగ్గరికి, అక్కడి నుంచి అంతస్తుకు, అంతస్తులో ఒక మూల నుంచి మరో మూలకు మోసేవారు. మోతలోనే మూలలు విరిగేవి. ఫ్లాటుకు ఎన్ని కావాలో లెక్కగట్టి, ప్యాలెట్ల మీద నేరుగా ఆ ఫ్లాటులోకే ఎక్కించడంతో విరగడమూ తగ్గింది, మోసేవారి నడుములూ బాగుపడ్డాయి. ఇసుకకు మాత్రం ఈ సూత్రం వర్తించదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక దొరకక సైట్లు ఆగిపోయి, భవన కార్మికులు ఉపాధి కోల్పోయిన సంగతి ఈ రంగంలో ఎవరూ మరిచిపోలేదు. వాగులు పొంగినా, ఇసుక తవ్వే రీచ్‌లు మూసినా, అనుమతులు మారినా ఇసుక ఆగిపోయే చోట రెండు రోజుల నిల్వతో పని నడపమనడం సాహసం. వానాకాలానికి ముందు ఇసుక నింపుకోవాలన్న మా నిర్ణయాన్ని సలహాదారు చివరికి అంగీకరించారు. సరఫరా నమ్మకంగా ఉన్న వస్తువుకు నిల్వ వృథా, నమ్మకం లేని వస్తువుకు నిల్వ రక్షణ అని ఆయనే బోర్డు పక్కన రాసి పెట్టారు. రెడీమిక్స్ కాంక్రీటుది మరో కథ. లోడు చేసిన 2 గంటల్లోగా ట్రక్కు ఖాళీ కావాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 చెప్తుంది. నగరంలో భారీ వాహనాలకు వేళల ఆంక్షలున్నాయి. ఇక్కడ సరుకు సకాలంలో రావడం ఎంత ముఖ్యమో, మన పంపు, మనుషులు, తనిఖీ సకాలంలో సిద్ధంగా ఉండటమూ అంతే ముఖ్యం. స్లాబు ముందు రోజే తనిఖీ పూర్తయితేనే ప్లాంటుకు ఆర్డరు ఖాయం చేయాలన్న నియమం పెట్టాక, గేటు బయట వరుసకట్టి ఎదురుచూసే ట్రక్కులు కనిపించడం లేదు.

వేగం పేరుతో ముట్టుకోకూడని సమయాలు కొన్ని ఉన్నాయి; ఈ విషయంలో ఏ సలహాదారుడినైనా ముందే పరీక్షించి నియమించుకోవాలి. స్లాబుకూ స్లాబుకూ మధ్య కాలాన్ని తగ్గించే ఆలోచనలో, కింది అంతస్తులో స్లాబును మోసే ఆధారాలను (ప్రాప్‌లను) త్వరగా తీసేస్తే సెంట్రింగ్ సామాను పైకి దొరుకుతుందన్న మాట మా సమావేశంలోనూ వచ్చింది. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఆధారాలు ఉండాలి. స్పాన్ 6 మీటర్లు దాటిన దూలాలకు 21 రోజులు. క్యూరింగ్ మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు, మన ఎండల్లో ఇంకా ఎక్కువే మంచిది. పట్టికలో ఖాళీగా కనిపించే ఈ రోజుల్లో కాంక్రీటు బలం పుంజుకుంటూ ఉంటుంది. బాత్‌రూముల్లో నీళ్ళు నిలబెట్టి లీకేజీ చూసే రోజులూ అంతే. మా సలహాదారు ఈ రోజులను బోర్డు మీద విడి రంగుతో గుర్తించి, వాటిని ఎవరూ కదపరాదని రాయించారు; అదనపు ఆధారాలు అద్దెకు తెప్పించమని యాజమాన్యాన్ని ఒప్పించారు. ఆయన మీద నాకు పూర్తి గౌరవం ఏర్పడింది ఆ రోజే.

ఫినిషింగ్‌లో ఆయన సూచించిన నమూనా ఫ్లాటు కూడా చెప్పుకోదగినది. ఒకే ఒక్క ఫ్లాటును ప్లాస్టరింగ్ నుంచి స్విచ్ బోర్డుల దాకా ముందుగా పూర్తిచేసి, ప్రతి పనివాడికీ ఎక్కడ ఇబ్బంది కలిగిందో అడిగి రాసుకున్నాము. తలుపు చట్రం వెడల్పుకూ స్కర్టింగ్ టైలు మందానికీ పొత్తు కుదరకపోవడం, బాత్‌రూము పల్లంలో డ్రెయిన్ పైపు ఎత్తు సరిపోకపోవడం అక్కడే బయటపడ్డాయి. అన్ని అంతస్తుల్లోనూ పగలగొట్టవలసినవి ఒక్క చోట తేలిపోయాయి. ఆ తరువాత అంతస్తుకు ఇన్ని రోజులని లయ కట్టి, ఒక బృందం వెనుక మరొక బృందం కదిలేలా పెట్టిన ఏర్పాటు మాత్రం పాక్షికంగానే నడిచింది, ఎందుకంటే టైల్స్ ఎంపిక ఆలస్యమైన ఫ్లాట్లు ఆ వరుసను తరచూ తెంచాయి.

సైట్ శుభ్రత శిక్షణ బాగుంది, అయితే దానికి సలహాదారు అవసరం లేదు. ప్యాకేజీతో వచ్చిన టాబ్లెట్ యాప్‌ను మేము దాదాపు వాడలేదు; ఇనుప బోర్డు ఫొటోను రోజూ వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోయింది. యాప్ లేకుండా ధర తగ్గించమని అడిగి చూడండి.

ఈ సేవకు అయిన ఖర్చు ఒక అనుభవజ్ఞుడైన సీనియర్ ఇంజనీరును నియమించుకున్నంత ఉంది. తిరిగి చేసిన పని, ఖాళీగా నిలిచిన మనుషులు, విరిగిన బ్లాకులు తగ్గిన తీరు చూస్తే ఆ ఖర్చు మాకు గిట్టిందనే నమ్ముతున్నాను. ఒకే మేస్త్రీ కిందే అన్ని పనులూ నడిచే చిన్న ఇంటి నిర్మాణానికి ఇది అనవసరం. అక్కడ శనివారం సమావేశమూ, అడ్డంకుల జాబితా ఉన్న ఒక నోటుపుస్తకమూ చాలు. ఐదారు రకాల సబ్ కాంట్రాక్టర్లు ఒకే అంతస్తు మీద ఢీకొనే సైట్లకు మాత్రం నిస్సంకోచంగా సూచిస్తాను. బిల్లులు తేదీ ప్రకారం విడుదల చేయడానికి సిద్ధంగా లేని యాజమాన్యం మాత్రం ఈ డబ్బు ఖర్చుపెట్టవద్దు.

రెండో బ్లాకుకు ఇదే సంస్థతో ఒప్పందం పొడిగించాలని నేను సిఫారసు చేశాను. కొత్త ఒప్పందంలో మూడు మార్పులు కోరాము: ఫారాలు తెలుగు, హిందీల్లో ఉండాలి, చెల్లింపు అడ్డంకుల జాబితాలో మొదటి నుంచే ఉండాలి, ఫినిషింగ్ మొదలయ్యే నాటికి మా ఇంజనీర్లలో ఇద్దరు శనివారం సమావేశాన్ని సొంతంగా నడపగలిగేలా తయారు చేయాలి. మొదటి రెండింటికీ వారు ఒప్పుకున్నారు. మూడోదానికి తమ హాజరు రోజులు తగ్గుతాయన్న సందేహంతో ఇంకా జవాబివ్వలేదు. వారు ఒప్పుకోకపోతే, ఆ ఇద్దరినీ మేమే సొంతంగా తయారు చేసుకుని రెండో బ్లాకు మొదలుపెడతాము.